నేను ఎక్కని చివరి ఆరు కిలోమీటర్లు

దసరా సెలవులయ్యాక బడి తెరిచిన రోజు ఎనిమిదో తరగతి పిల్లలు అడిగిన మొదటి ప్రశ్న: “టాప్ ఎక్కారా టీచర్?”

తప్పు నాదే. సెలవులకు ముందు గొప్పగా చెప్పుకున్నాను. పశ్చిమ బెంగాల్‌లో అన్నిటికంటే ఎత్తైన చోటు సందక్‌ఫూకి నడిచి వెళ్తున్నానని, ఎత్తు 3,636 మీటర్లని బోర్డు మీద రాశాను. మన కొత్తగూడెం వంద మీటర్ల ఎత్తులో కూడా లేదని పక్కనే రాశాను.

“ఎక్కలేదు” అన్నాను. వెనక బెంచీలో ఒకడు వెంటనే అందుకున్నాడు. “మన చర్ల ఆనంద్ అన్న ఎవరెస్టే ఎక్కిండు కదా టీచర్!”

నిజమే. చర్ల మండలానికి చెందిన సాధనపల్లి ఆనంద్ కుమార్, నిజామాబాద్ జిల్లా అమ్మాయి మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కారు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు. పూర్ణకి అప్పటికి పద్నాలుగేళ్లు నిండలేదు. ఈ కథ వాళ్లకు చెప్పిందీ నేనే. కాకపోతే వాళ్లు భువనగిరి గుట్ట మీద, తర్వాత డార్జిలింగ్‌లో, లడఖ్‌లో నెలల తరబడి శిక్షణ తీసుకుని వెళ్లారు. నా శిక్షణ నెల రోజులు ప్రకాశం స్టేడియం చుట్టూ నడక.

బీఈడీలో నాతో చదివిన ముగ్గురితో కలిసి బయల్దేరాను. “సద్దుల బతుకమ్మ నాడు ఇంట్లో ఉండవా?” అని అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. రైళ్లు మారి మారి న్యూ జల్పాయ్‌గురి చేరి, అక్కడి నుంచి జీపులో మానేభంజన్ వెళ్లాం. నడక అక్కడే మొదలు. తోవ నేపాల్ సరిహద్దు వెంబడే సాగుతుంది. ఒక అడుగు మన దేశంలో, ఇంకో అడుగు నేపాల్‌లో. మొదటి రాత్రి తుమ్లింగ్‌లో పడుకున్నాం. రెండో రోజు గైరీబాస్ దాకా దిగి, దిగినదంతా మళ్లీ ఎక్కి, చీకటి పడేవేళకి కాలీపోఖ్రీ చేరాం. అది నల్లటి చిన్న కొలను. చుట్టూ రంగురంగుల ప్రార్థనా జెండాలు.

రాత్రి బస హట్‌లో అంటే మా పిల్లలు గుడిసె అనుకున్నారు. నేనూ ఇంచుమించు అంతే అనుకున్నాను. చెక్క గోడలు, రేకుల కప్పు, ఒక్కో మంచానికి రెండు బరువైన రజాయిలు. వెచ్చగా ఉండేది వంటగది ఒక్కటే కాబట్టి అందరూ పొయ్యి చుట్టూ చేరతారు. ఆ ఇంటావిడ కుక్కర్‌లో పప్పు పెట్టింది. అంత ఎత్తున నీళ్లు 90 డిగ్రీల దగ్గరే మరుగుతాయని, కుక్కర్ లేకపోతే పప్పు ఉడకదని మాలోని సైన్స్ టీచర్ పాఠం మొదలుపెట్టింది. మేం తెచ్చిన గోంగూర పచ్చడి ఇంటావిడకి తెగ నచ్చింది. నేను మాత్రం రెండు ముద్దలు కూడా తినలేకపోయాను.

తల పగిలిపోతోంది. కడుపులో తిప్పుతోంది. ఎవరికీ చెప్పలేదు. గైడ్ అడిగితే “ఏం లేదు, అలసట” అన్నాను. చీకట్లో మాత్ర వేసుకుని, తెల్లారితే తగ్గుతుందనుకున్నాను. మిగిలింది ఆరు కిలోమీటర్లే. ఇంత దూరం వచ్చి ఎలా ఆగుతాను?

తెల్లారాక గైడ్ నన్ను మడమకి వేలు ఆనించి తిన్నగా పది అడుగులు వేయమన్నాడు. నాలుగో అడుగుకే తూలాను. “పైకి కాదు, కిందికి” అన్నాడు. ఏడ్చాను, బతిమాలాను. 2,500 మీటర్లు దాటాక ఈ జబ్బు ఎవరికైనా రావచ్చు, ఒంట్లో సత్తువతో దానికి సంబంధం లేదు. ఇది నేను బయల్దేరే ముందే చదివాను. చదివింది నాకు కాదనుకున్నాను. సామాన్లు మోసే అబ్బాయిని తోడిచ్చి నన్ను గైరీబాస్‌కి దింపారు. సైన్స్ టీచర్ కూడా పైకి వెళ్లకుండా నాతో దిగిపోయింది. మధ్యాహ్నానికి తలనొప్పి మాయం. మిగతా ఇద్దరూ ఎవరెస్టు, కాంచన్‌జంగా ఒకే చూపులో చూశారు. నేను వాళ్ల ఫోన్లో చూశాను.

ఇంటికొచ్చాక ఇదంతా నాన్నకి చెప్పాను. ఆయన ముప్పై ఏళ్లు సింగరేణి బాయిలో దిగిన మనిషి. “సర్దార్ కర్రతోని కప్పు కొట్టి చూస్తడు. సప్పుడు డొల్లగ వస్తే బయటికి రమ్మంటడు. వచ్చుడే. ఎందుకని అడిగేది బయటికొచ్చినంక” అన్నాడు. కాసేపాగి, “గని నీకు ముందుగాల్నే నొస్తుంటే ఎందుకు చెప్పలే బిడ్డా?” అని అడిగాడు.

ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. గుర్తొచ్చింది వేరే. సెప్టెంబర్‌లో స్లిప్ టెస్టు రోజు ఒక పాప కడుపునొప్పి అంటే, సాకులు చెప్పకు, రాయి అని కూర్చోబెట్టాను. బడి తెరిచాక ఆ పాపని పక్కకి పిలిచి అడిగాను. ఆ రోజు నిజంగానే నొప్పి టీచర్, మీరు తిట్టాక ఇంట్లో కూడా చెప్పలేదు, అంది. సారీ చెప్పాను. వాళ్లమ్మగారికి ఫోన్ చేసి అదే మాట చెప్పాను.

వచ్చే దసరాకి మళ్లీ వెళ్తున్నాం. ఈసారి తుమ్లింగ్‌లో రెండు రాత్రులు ఆగుతాం. సద్దుల బతుకమ్మ అయ్యాకే టికెట్లని అమ్మ షరతు. చర్ల ఆనంద్ అన్న అభిమాని మాత్రం బోర్డు మీద 3,636 ఇప్పుడే రాయొద్దన్నాడు.