పిల్లలమర్రి నేర్పిన పాఠం

నేను తెలుగు బోధించేవాడిని. వృక్షశాస్త్రం నా పరిధిలోనిది కాదు. అయినను పిల్లలమర్రికి జరిగిన చికిత్స నన్ను ఎంతగానో ఆలోచింపజేసింది.

మహబూబ్‌నగర్ సమీపాన గల ఆ మర్రి వయస్సు సుమారు 700 సంవత్సరాలని ప్రతీతి. చెదలు మానును తొలిచివేయగా, 2017 చివర కొమ్మ విరిగిపడి, సందర్శకుల రాకను నిలిపివేయవలసి వచ్చింది. మొదట మానుకు రంధ్రాలు చేసి మందు ఎక్కించారు. అది లోపల నిలువక బయటికి కారిపోయింది. అప్పుడు మరొక ఉపాయం తోచింది. ఆసుపత్రిలో రోగికి సెలైన్ ఎక్కించినట్లు, 2018లో వందలాది సీసాలను వేలాడగట్టి, పలుచన చేసిన క్లోరోపైరిఫాస్‌ను చుక్కచుక్కగా ఎక్కించారు. వేళ్లకు మందునీరు పోశారు. బరువైన కొమ్మలకు కాంక్రీటు స్తంభాలు ఆసరాగా నిలిపారు.

ఇందులో నాకు విలువైనదిగా తోచినది ఆ విఫలమైన తొలి ప్రయత్నమే. దానిని దాచి ఉంచితే మరొక ఊరి మర్రికి అదే పొరపాటు జరుగుతుంది. నలుగురికీ చెబితే అది విద్య అవుతుంది. ఏ కొమ్మ బోలుగా ఉన్నదో తట్టి చూచి చెప్పగల తోటమాలి, అటవీ అధికారి, శాస్త్రజ్ఞుడు ఒకచోట కూర్చుండి తమ అనుభవాలను పంచుకొనే వేదిక మనకు కావాలి. అందులో తోటమాలి మాటకు కూడ సమాన గౌరవం దక్కాలి.

మాను ముదిరిన కొద్దీ మర్రి ఊడలు నేలకు దిగి భారాన్ని పంచుకొంటాయి. విద్యార్థి మిత్రులారా, మన కళాశాల చెట్లను సాకే తోటమాలిని ఒకమారు పలుకరించండి; అతడు చెప్పినది వ్రాసి పెట్టండి.