పూర్వికుల ముంగిలి

రాయపూర్ పాత బజారుల సందడి దాటి, నవ రాయపూర్ విశాల రహదారుల వెంట సాగిన యాత్రికునికి ఉపర్‌వారా గ్రామం వద్ద ఒక విచిత్రమైన ఊరు ఎదురవుతుంది. అక్కడి నర్తకులు అలసట ఎరుగరు. అడవిదున్న కొమ్ములు తలదాల్చిన మాడియా యువకులు రాత్రింబవళ్ళు నృత్యభంగిమలోనే నిలిచి ఉంటారు. బస్తరులోని చిత్రకోట్ జలపాతం, కవర్ధా సమీపంలోని భోరమ్‌దేవ్ ఆలయం చిన్న రూపాలు దాల్చి, నడకదూరంలోనే దర్శనమిస్తాయి.

ఇది పుర్ఖౌతీ ముక్తాంగన్. పేరుకు అర్థం పూర్వికుల ఆరుబయలు ముంగిలి. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం అవతరించింది. ఆరేళ్ళ తరువాత, 2006 నవంబరులో, నాటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం ఈ వనాన్ని ప్రారంభించారు.

ఇటువంటి వింతవనాలలో జగత్ప్రసిద్ధమైనది స్పెయిన్ దేశపు బార్సిలోనా నగరంలోని పార్క్ గ్యుయెల్. యుసేబి గ్యుయెల్ అనే శ్రీమంతుడు 1900లో తన కొండవాలును 60 నివేశన స్థలాలుగా విభజించి, వాస్తుశిల్పి ఆంటొని గౌడికి అప్పగించాడు. కొనేవారు కరవై 1914లో పని నిలిచిపోయింది. అప్పటికి లేచినవి రెండు ఇళ్ళే. పగిలిన పింగాణీ పెంకులు తాపిన బల్లి బొమ్మ, పాములా మెలికలు తిరిగిన అరుగు మాత్రం మిగిలాయి. సంపన్నుల కోసం తలపెట్టిన ఆ తోట 1926లో ప్రజల ఉద్యానమైంది.

అక్కడి వింతలకు గౌడి ఊహే మూలం. ముక్తాంగన్‌లో కనిపించే రూపాలకు అటువంటి ఏకైక కర్త లేడు. వాటి వెనుక ఉన్నవి తరతరాల చేతులు. బస్తరు ఘడ్వా శిల్పుల పద్ధతినే చూడండి. మట్టిముద్దపై మైనపు తీగలు చుట్టి బొమ్మకు రూపమిస్తారు. దానిపై మళ్ళీ మట్టి పూసి కాలుస్తారు. మైనం కరిగిపోయిన ఖాళీలో లోహద్రవం పోస్తారు. చల్లారిన పిదప మూసను పగులగొడతారు. అందుచేత ఒక బొమ్మను పోలిన మరొక బొమ్మ ఉండదు.

తెలుగు యాత్రికునికి ఈ బస్తరు పరాయిదేశం కాదు. 1323లో ఓరుగల్లు పతనమైన పిమ్మట ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు ఇటు వచ్చి రాజ్యం స్థాపించాడని బస్తరు రాజవంశ కథనం. వారి కులదేవత దంతేశ్వరి.

అయినా ఈ ముంగిలిలో ఒక ప్రశ్న వెంటాడుతుంది. నవ రాయపూర్ నిర్మాణం కోసం సేకరించినది పల్లెల భూములనే. చుట్టూ పొలాలు సెక్టార్లుగా మారుతుండగా, వనం లోపల పల్లె సిమెంటు ప్రతిమగా నిలిచింది. నాగలి పట్టిన విగ్రహాన్ని ఎండావానల నుండి కాపాడవచ్చు. నాగలి పట్టే బ్రతుకును కాపాడడం అంత సులభం కాదు.

అలాగని ఈ వనం వ్యర్థమని అనలేము. బస్తరు చూడని నగర బాలునికి ఆ కొమ్ముల తలపాగా మొదటిసారి కనిపించేది ఇక్కడే కావచ్చు. కాని దర్శనం ఇక్కడితో ముగియరాదు. జగదల్‌పూర్ రహదారిపై దక్షిణంగా సాగితే కొండగావ్ వస్తుంది. అక్కడ కొలిమి నేటికీ వెలుగుతూనే ఉంది. ఒక చిన్న లోహపు ఏనుగును బేరమాడక కొనే యాత్రికుడు, ఆ శిల్పి బిడ్డ కూడా మైనపు తీగ చేతపట్టేందుకు తనవంతు సాయం చేసినవాడవుతాడు.