తాత పుస్తకం, 173వ గది

గూడూరు అనగానే మన క్లాసులో అందరూ నెల్లూరు వైపు రైల్వే జంక్షన్ అనుకుంటారు. మాది అది కాదండీ, కర్నూలు జిల్లా గూడూరు. అమ్మ వాళ్లది ఎమ్మిగనూరు. 1938లో మాచాని సోమప్ప గారు చేనేత సహకార సంఘం పెట్టిన ఊరు. మా తాత చిన్నప్పుడు మగ్గం మీద కూర్చున్నాడు, తర్వాత తెలుగు అయ్యవారయ్యాడు. రిటైరయ్యాక మగ్గం మాటలన్నీ పోగేసి ఒక చిన్న నిఘంటువు వేశాడు. పడుగు, పేక, ఆసు, కండె, అచ్చు... ఒక్కో మాటకి అర్థం, దాని మీద ఉన్న సామెత, అది ఏ ఇంట్లో విన్నాడో. మొత్తం 140 పేజీలు, 300 కాపీలు. ఇప్పుడు ఇంట్లో మిగిలింది ఒకటే, అదీ చెదలు తిన్నది.

తాతకి 82 ఏళ్లు. ఒక కంట్లో చూపు దాదాపు పోయింది. రెండో ముద్రణ వేయాలని ఆయన కోరిక. పుస్తకం టైప్ చేసిన డీటీపీ షాపు ఎప్పుడో మూసేశారు, పేజ్‌మేకర్ ఫైలు ఆ కంప్యూటర్‌తోనే పోయింది. ఒక సీడీలో పీడీఎఫ్ మాత్రం ఉంది. "ఇంజినీరింగ్ చదువుతాండావు కదరా అబ్బీ, దీన్ని మళ్లా పుస్తకం చేసియ్యి" అన్నాడు.

పీడీఎఫ్ ఉంటే పని అయిపోయినట్టే అని మనందరం అనుకుంటాం. ఇన్‌డిజైన్‌లో ప్లేస్ కొడితే పేజీ వచ్చింది కానీ బొమ్మలాగా వచ్చింది. ఒక్క అక్షరం మార్చలేం. స్క్రైబస్‌లో తెరిస్తే ప్రతి అక్షరం విడివిడి గీతల ముక్కలైపోయి ల్యాప్‌టాప్ బిగుసుకుపోయింది. కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేస్తే నెత్తిన చుక్కలు, టోపీలు పెట్టుకున్న ఇంగ్లీషు అక్షరాల గుంపు. అన్నిటికంటే ఘోరం, పీడీఎఫ్ మామూలుగా తెరిచినా వివరణలు తెలుగులో కనిపిస్తున్నాయి గానీ, అసలు మాటలు, ఆ బోల్డ్ తలమాటలు మాత్రం స్క్రీన్ మీదే చెత్తగా ఉన్నాయి. నిఘంటువులో మాటలే లేకపోతే ఇంకేముంది?

ఇలాంటి ఫైలు మీ చేతికొస్తే ముందు ప్రాపర్టీస్‌లో ఫాంట్స్ ట్యాబ్ చూడండి. ఏ ఫాంటు పక్కన 'ఎంబెడెడ్' అని ఉంది, దేని పక్కన లేదు అన్నది సగం కథ చెప్పేస్తుంది. తాత ఫైల్లో మామూలు ఫాంటు లోపల ఉంది, బోల్డ్ ఫాంటు లేదు. అందుకే సాఫ్ట్‌వేర్ దాని బదులు ఏదో ఇంగ్లీషు ఫాంటు పెట్టేసింది.

మిగతా సగం పాత డీటీపీ కథ. యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే చోటు దొరికింది కానీ, మన ప్రెస్సుల్లో ఆ తర్వాత చాలా ఏళ్లు నడిచింది పేజ్‌మేకరూ, అను లాంటి పాత పద్ధతి ఫాంట్లూ. ఒక ఫాంటుకి 256 గదులు. ఇంగ్లీషు అక్షరాలు ఉండాల్సిన గదుల్లో తలకట్టు, గుడి, వత్తు ముక్కలు పెట్టారు. కంటికి తెలుగు, కంప్యూటర్‌కి ఇంగ్లీషు. దీన్ని వెక్కిరించడం తేలికే గానీ, ఆ రోజుల్లో తెలుగు పుస్తకాలు బయటికి వచ్చింది ఆ ఉపాయంతోనే. పాత తెలుగు వెబ్‌సైట్లు చదవడానికి ఫైర్‌ఫాక్స్‌లో 'పద్మ' అనే ఎక్స్‌టెన్షన్ ఉండేది, అది చేసిందీ ఇదే పని: ఏ గదిలో ఏ ముక్క ఉందో పట్టిక పెట్టుకుని యూనికోడ్‌లోకి మార్చడం.

నేనూ పట్టిక రాసుకున్నా. కనిపించే వివరణల్ని చూస్తూ ఏ సంఖ్యకి ఏ ముక్కో గుర్తించా. బోల్డ్ ఫాంటుకీ అదే పట్టిక సరిపోయింది. మొదటిసారి చెత్త లోంచి 'పడుగు' అని వచ్చినప్పుడు హాస్టల్లో అరిచాను. రూమ్మేట్ దిండు విసిరాడు.

కానీ 'చక్రం' 'చ్రకం' అయింది, 'ప్రతి' '్రపతి' అయింది. ఆ ఫాంటులో క్రావడిని అక్షరానికి ముందే కొట్టాలి, యూనికోడ్‌లో తర్వాత రావాలి. దానికొక రూలు రాస్తే సర్దుకుంది. అసలు తలనొప్పి వేరే. కొన్ని మాటల్లో వత్తు మాయం. 'అచ్చు' 'అచు' అయింది. మగ్గంలో అచ్చూ, ప్రెస్సులో అచ్చూ, వ్యాకరణంలో అచ్చూ మూడూ పోయాయన్నమాట! రెండు రోజులు వెతికితే తెలిసింది, ఆ చ-వత్తు 173వ గదిలో ఉంది. కంప్యూటర్ లెక్కలో అది లైను చివర మాట విరిచే హైఫన్ గది. కాపీ చేసేటప్పుడు అక్కర్లేదని దాన్ని వదిలేస్తోంది. కాపీ-పేస్ట్ మానేసి పైథాన్‌తో ఫైలు లోపలి సంఖ్యల్నే నేరుగా చదివాక చ-వత్తులన్నీ తిరిగొచ్చాయి.

ఇన్‌డిజైన్‌లో పెట్టాక ఒత్తులు పక్కకి జారి కూర్చుంటే కంగారు పడొద్దు. పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో వరల్డ్-రెడీ కంపోజర్ ఎంచుకోండి, చాలు. ఫాంటు మండలి పెట్టాను, అది ఉచితం.

దసరా సెలవుల్లో ఎమ్మిగనూరు వెళ్లి తాతకి ఒక్కో మాటా చదివి వినిపించా. కళ్లు మూసుకుని వింటున్నాడు. 'నాడి' దగ్గర చెయ్యెత్తాడు.

"నాడి కాదురా, నాడె. పేక దారం అటూ ఇటూ తీస్కపోయేది."

"ఫైల్లో నాడి అనే ఉంది తాతా, సంఖ్యలు కూడా చూసినా."

"ఉంటాది. అప్పుడు టైపులోనే తప్పు పడింది. బుక్కు చేతికొచ్చినాక చూస్తి. అప్పట్నుంచీ ముల్లు మాదిరి పొడుస్తానే ఉంది."

నా ప్రోగ్రామ్ ఆ తప్పుని కూడా అచ్చంగా తిరిగి తెచ్చింది మరి. గుడి తీసి ఎత్వం పెట్టా. "మార్చినావా? మళ్లా చదువు" అన్నాడు. చదివా. ఇంకోసారి చదవమన్నాడు.

అలాంటివి ఇప్పటికి 23 దొరికాయి. కొన్నిచోట్ల చదువుతుంటే ఆయనకి కొత్త మాట గుర్తొచ్చి అక్కడే చేర్పించాడు. 'మ' దాకా వచ్చాం. ఆదోని వైపు పత్తి మాటలు ఒక నోట్‌బుక్కులో పెన్సిల్‌తో రాసి ఉన్నాయి, సగం చెరిగిపోయాయి. వాటికి ఏ పీడీఎఫూ లేదు. సంక్రాంతికి వెళ్లినప్పుడు ఆయన చెప్తుంటే నేను టైప్ చేయాలి.