హాబీల వరుసలో మన బతుకూ రాయొచ్చు

"రీడింగ్ బుక్స్, లిజనింగ్ టు మ్యూజిక్, ప్లేయింగ్ క్రికెట్." క్యాంపస్ ప్లేస్‌మెంట్లకు వెళ్లే మన పిల్లల రెజ్యూమెల్లో చివరి వరుస చాలాసార్లు ఇదే. సీనియర్ ఫైలు తీసుకుని పేరు మార్చేస్తే వచ్చేసే వరుస. తీరా "ఈమధ్య ఏం చదివావు?" అని అడగ్గానే నాలుక పిడచకట్టుకుపోతుంది. 275 మార్కుల సివిల్స్ ఇంటర్వ్యూలోనూ దరఖాస్తులో రాసిన హాబీ మీద ప్రశ్నలు వస్తాయి. ఆ వరుసంటే మనమే ఇంటర్వ్యూ చేసేవాళ్ల చేతికిచ్చే ప్రశ్నపత్రం.

హాబీలు చూడటం మొదలుపెడితే డబ్బున్నవాళ్లకే లాభం కదా అంటారు. నిజమే. రివెరా, టిల్చిక్ అనే పరిశోధకులు అమెరికా లా సంస్థలకు కల్పిత రెజ్యూమెలు పంపి, 2016లో ఫలితాలు ప్రచురించారు. చదువు, మార్కులు ఒకటే. సెయిలింగ్, పోలో రాసిన మగ అభ్యర్థికి సుమారు 16 శాతం పిలుపులొచ్చాయి. సాకర్, కంట్రీ మ్యూజిక్ రాసినవాడికి దాదాపు 1 శాతం.

అందుకని ఆ వరుస కొట్టేస్తే సరిపోదు. అడిగేవాళ్లు తూకం మార్చుకోవాలి. హాబీ పేరు పక్కనపెట్టి, అందులో ఏం చేశావో అడగాలి. సెలవుల్లో నాన్న కిరాణా కొట్లో అరువు ఖాతా రాసి, ఎవరి మనసూ నొప్పించకుండా బాకీలు వసూలు చేసిన అమ్మాయికి లెక్కలూ తెలుసు, మనుషులూ తెలుసు. వినాయక చవితి పందిరికి చందాలు పోగేసి, పైసాతో సహా లెక్క అప్పజెప్పిన కుర్రాడూ అంతే.

సిగ్గుపడి దాచకండి, రాయండి. మీ రెజ్యూమెలోకి ఎక్కని అలాంటి పని ఏముంది? కామెంట్లో చెప్పండి.