అతిశయోక్తి అలంకారం

మొన్న గాలివానలో పోయిన కరెంటు తిరిగివచ్చిన క్షణాననే నా కంప్యూటరు కన్నుమూసింది. నాన్నగారి అముద్రిత శతకం అందులోనే ఉన్నది. మూలప్రతి ఏనాడో చెదలపాలయింది. పోయినది ఎస్ఎంపీఎస్ మాత్రమే, హార్డ్ డిస్కు క్షేమమని మరమ్మతు చేసే అబ్బాయి తేల్చిన తరువాతనే నాకు మెతుకు దిగింది.

దుకాణంలో చవుకగా చూపిన పెట్టెపై 450 వాట్లని ఉన్నది. ఎత్తిచూస్తే దూదిపింజె! ప్రక్కనున్న చీటీలో 12 వోల్టుల తీగెకు 14 ఆంపియర్లే. గుణిస్తే 168 వాట్లు. ప్రాసెసరుకు గ్రాసం ఆ తీగెనుండే కదా! తక్కినదాంట్లో చాలావరకు అతిశయోక్తి అలంకారం. మరొక పెట్టెపైనా అదే 450. కాని 36 ఆంపియర్లు, వెల మూడింతలు. పింఛను తలచి తటపటాయించి, చివరకు దానినే తెచ్చాను.

మీట నొక్కి, 108 పద్యాలూ లెక్కపెట్టుకున్నాను. పెన్‌డ్రైవు కూడా ఆనాడే కొన్నాను.