సున్నా చుట్టిన డోసు

తెల్లవారి ఐదూ ముప్పావుకి ల్యాబ్ నుంచి ఫోన్. "సిస్టర్, పద్నాలుగో బెడ్ పొటాషియం 2.8." రాసుకుని, తిరిగి చదివి వినిపించాను. 3.5కి తగ్గకూడని అంకె అది. ట్రేలో అదే బెడ్‌కి ఆరింటికి ఇవ్వాల్సిన లాసిక్స్, 40 మిల్లీగ్రాములు, సిరంజిలోకి తీసి పెట్టి ఉంది.

లాసిక్స్ ఒంట్లో నీటిని మూత్రంలోకి తోస్తుంది. నీళ్లు ఒక్కటే పోవు. సోడియం, పొటాషియం, మెగ్నీషియం కూడా వెంట పోతాయి. పొటాషియం మరీ పడిపోతే గుండె లయ తప్పుతుంది. పద్నాలుగో బెడ్ పెద్దాయనకి గుండె బలహీనం, పైగా డిగాక్సిన్ వాడుతున్నారు. పొటాషియం తగ్గినప్పుడు మామూలు డోసు డిగాక్సిన్ కూడా విషంలా పనిచేయొచ్చు.

నర్సింగ్ పరీక్షలో ఐతే ఇది ఒక్క మార్కు ప్రశ్న. ఆపు, డాక్టర్‌కి చెప్పు. వార్డులో మాత్రం ఊపిరితిత్తుల్లో నీటితో మనిషి ఎదురుగా ఉంటాడు. ఆపితే ఆ నీరు అక్కడే ఉంటుంది.

ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది నేను ఆపలేదు. రిపోర్టు కంప్యూటర్లోకి వచ్చి గంటైంది, చూడలేదు. చార్టులో ఉంది, ఇచ్చాను, టిక్ పెట్టాను. కాసేపటికి మానిటర్ మీద గీతలు వెడల్పుగా, అడ్డదిడ్డంగా... ఆవిడ బతికారు, ఐసీయూలో నాలుగు రోజులుండి. నన్నెవరూ ఏమీ అనలేదు. ఆర్డర్ ఉంది కదా, నువ్వేం చేస్తావ్ అన్నారు. తిట్టి ఉంటే ఈపాటికి మర్చిపోయేదాన్నేమో.

సిరంజి ట్రేలోనే ఉంచి పెద్దాయన దగ్గరకెళ్లాను. నిమిషానికి 22 శ్వాసలు. ఆక్సిజన్ 94. రెండు దిండ్ల మీద ఒరిగి, ఆయాసం లేకుండా మాట్లాడుతున్నారు. నిన్నటి నుంచి మూత్రం మూడు లీటర్లు దాటింది, బరువు రెండు కిలోలు తగ్గింది. ఈయన కాసేపు ఆగగలరు. అదే నురగ కక్కుతూ కూర్చుని ఉంటే ఫోన్‌లో ఇంకోలా మాట్లాడేదాన్ని.

"రాత్రి పిక్కలు పట్టేస్తున్నాయని చెప్పాను కదమ్మా" అన్నారు. చెప్పారు, పదకొండింటికి. కాళ్ల కింద దిండు పెట్టి వెళ్లిపోయాను.

డ్యూటీ డాక్టర్ నిద్రగొంతుతో ఎత్తారు. ఇవ్వాలా వద్దా అని అడగలేదు. అంకెలన్నీ చెప్పి, "లాసిక్స్ ఆపి ఉంచాను సార్. డిగాక్సిన్ కూడా ఆపనా? మెగ్నీషియం పంపనా?" అన్నాను. మెగ్నీషియం తక్కువుంటే ఎంత పొటాషియం ఎక్కించినా నిలవదు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "రెండూ చెయ్యండి. ఈసీజీ తియ్యండి, వస్తున్నా."

పొటాషియం నేరుగా నరంలోకి తోస్తే గుండె ఆగిపోతుంది. సెలైన్‌లో బాగా కలిపి, పంపు మీద, గంటకి 10 మిల్లీఈక్వివలెంట్లు. డాక్టర్‌గారు రాయగానే ఎక్కించడానికి పంపు తెచ్చి పెట్టుకున్నాను.

చార్టులో ఆరింటి గడిలో టిక్‌కి బదులు సున్నా చుట్టి కారణం రాస్తుంటే ఆయన భార్య వచ్చింది.

"నీరు లాగే సూది వెయ్యలేదే సిస్టరమ్మా?"

ఒంట్లో ఒక ఉప్పు తగ్గిందమ్మా, అన్నాను.

"ఉప్పు వెయ్యొద్దని మీరే కదా అన్నారు!"

ఆ ఉప్పు వేరని చెప్పబోతుంటే, "పోనీ కొబ్బరినీళ్లు పట్టనా?" అంది. అందులో పొటాషియం ఉందని ఆవిడకెవరు చెప్పారో! కానీ ఆయన రోజంతా తాగాల్సిన నీళ్లకి లెక్కుంది. డాక్టర్‌గారొస్తున్నారు, అడిగి చెప్తానన్నాను.