పాలసీ ఉంది, దాని చరిత్రే లేదు

అనంతపురంలో ఒక మండలాన్ని కరువు మండలంగా ప్రకటించాలంటే ఈ ఏడు పడిన వాన ఒక్కటే చాలదు, సాధారణ వర్షపాతంతో పోల్చి లోటు తేల్చాలి. ఆ సాధారణం పాత ఏళ్ల లెక్కల్లోంచే వస్తుంది. వేల కంప్యూటర్లను ఒకే చోటినుంచి నడిపేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ, వార్డు సచివాలయాలనే తీసుకోండి, రాష్ట్రమంతటా సుమారు 15 వేల ఆఫీసులు. 2022 ఏప్రిల్ 4న అనంతపురం నుంచి శ్రీ సత్యసాయి జిల్లా వేరుపడింది. ఇలాంటి మార్పులప్పుడు యంత్రాలను కొత్త గ్రూపుల్లోకి మార్చడమో, మళ్లీ నమోదు చేయడమో చేస్తే, ఏ పాలసీ, అంటే కంప్యూటర్‌లో ఏది చేయనివ్వాలో చెప్పే నియమం, ఎప్పుడు అమలైందన్న చరిత్ర కొన్ని వ్యవస్థల్లో చడీచప్పుడు లేకుండా సున్నా అయిపోతుంది.

ఇప్పటి పాలసీ సరిగ్గానే ఉందిగా, పాతదెందుకు అంటారు కొందరు. నిజమే, విండోస్ గ్రూప్ పాలసీ మామూలుగా 90 నిమిషాలకోసారి, పైన 30 నిమిషాల దాకా తేడాతో, తాజా అవుతుంది. అయితే డేటా బయటికి పొక్కితే విచారణలో అడిగేది ఇవాళ్టి సంగతి కాదు, పోయిన నెలలో ఆ కంప్యూటర్‌కు పెన్‌డ్రైవ్ పెట్టనిచ్చారా లేదా అని. ఈ చరిత్రను దాచడం ఖర్చు అన్న వాదన మరీ బలహీనం. ఈ రికార్డులు వట్టి అక్షరాల వరుసలు, సినిమా రీళ్లు కావు. పైగా కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ ఆదేశాల ప్రకారం లాగ్‌లను (కంప్యూటర్ వ్యవస్థల రికార్డులను) 180 రోజులు ఉంచాల్సిందే. పాలసీ చరిత్రను కూడా పాలసీలు నడిపే సర్వర్‌లో కాక వేరేచోట దాచాలి. చరిత్ర సున్నా అయితే ఆ సంగతి కూడా అక్కడ నమోదు కావాలి.